నూట ముప్పై రెండు గీతలు

మట్టెవాడలోని జంపఖానాల కార్ఖానాలో గుండయ్య సద్దిగిన్నె మోకాళ్ల మధ్య పెట్టుకొని, గోడవైపు తిరిగి ఒక్కడే తింటాడు. చిన్నప్పుడు కాలేజీవాళ్లు బడికొచ్చి పిల్లల తెలివిని కొలిస్తే, తరగతి మొత్తంలో అతనికే ఎక్కువ, నూట ముప్పై రెండు వచ్చింది. అందరికన్నా తక్కువొచ్చిన మొగిలయ్యే ఇప్పుడీ కార్ఖానా యజమాని. గుండయ్య మాత్రం తాను నేసే ప్రతి జంపఖానా అంచులోనూ సరిగ్గా నూట ముప్పై రెండు సన్నని ఎర్రగీతలు వేస్తాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంటాడు.

ఓ మధ్యాహ్నం మొగిలయ్య మగ్గం దగ్గరికొచ్చి, అప్పుడే దిగిన జంపఖానా అంచుమీద ఒక్కో గీతా దాటిస్తూ బొటనవేలు నడిపించాడు. "పానం మంచిగ లేదా గుండన్నా? ఇయ్యాల ఒక గీత తక్కువేసినవ్" అన్నాడు మెల్లగా. గుండయ్య తాను కూర్చున్న బల్లమీద పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు. అప్పటికే ఎవరో పిలిస్తే మొగిలయ్య బయటికి నడిచాడు.