హరిజనవాడ గడిలో సున్నా

టీకాల దాసన్న కోపిష్టి కాదని కమలాపురం చుట్టుపట్ల పదకొండు ఊళ్ళకూ తెలుసు. చంకలో రేకుపెట్టె, చేతిలో నీలి అట్ట రిజిస్టరు, కాళ్ళకు టైరు చెప్పులు. ఊరు కనబడగానే ఆ చెప్పులు కూడా విప్పి చేత పట్టుకునేవాడు. సర్కారు మనిషే అయినా హరిజనవాడ మనిషి గదా. టీకా సూదిని చూసి పిల్లలు చెట్లెక్కితే, కింద కూర్చుని వాళ్ళు దిగేదాకా కథలు చెప్పేవాడు. అట్లాంటి మనిషి 1957 ఎండాకాలంలో వారం రోజులు నిలువునా మండిపోయాడు. ఆ మంట మొదట ఒక పరదేశి మీద, తరువాత మునసబు మీద, చివరికి తన కుడిచేతి మీద.

దాసన్నది చిన్నగుట్టపల్లె. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. ముప్పై రెండు మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ మెట్లు దిగే హక్కు ఊరివాళ్ళదే. వాడ ఆడవాళ్ళు పై మెట్టుకు నాలుగడుగుల దూరంలో కడవలు పెట్టి నిలబడతారు. ఎక్కి వచ్చేవాళ్ళలో ఎవరికి దయ పుడితే వాళ్ళు పైనుంచి కుమ్మరిస్తారు. దయ పుట్టని రోజు మధ్యాహ్నం దాకా నిలబడాలి.

ఆ నీళ్ళతోనే వస్తుంది నారికురుపు. కాలి మీద బొబ్బ లేస్తుంది, పగులుతుంది, అందులోంచి తెల్లని దారంలాంటి పురుగు తల పెడుతుంది. దాన్ని ఈతపుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్ళ మందం చొప్పున లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు బూరెలా పొంగి, మనిషి నెలల తరబడి మంచం దిగడు. జొన్న విత్తే వేళకే ఊళ్ళో సగం కాళ్ళు ఇట్లా మూలపడేవి.

ఏటా ఎండాకాలంలో ఈ కురుపుల లెక్క రాయడం దాసన్న పనుల్లో ఒకటి. దానికి మందు లేదు, సూది లేదు, లెక్కొక్కటే. ఆ లెక్క చావిడి దగ్గర జరిగేది. మునసబు ఓబుళరెడ్డి కేకేయిస్తే ఊరివాళ్ళు వచ్చి కాళ్ళు చూపించేవాళ్ళు, దాసన్న చావిడి కింద నేల మీద కూర్చుని రాసేవాడు. వాడవాళ్ళు చావిడికి రాకూడదు గనుక రారు. చివర్లో మునసబు మీసం దువ్వుకుంటూ ప్రతి ఏడూ ఒకే మాట చెప్పేవాడు. వాడవాళ్ళు బావిలో కాలే పెట్టరు, కాలు పెట్టనోళ్ళకు పురుగెట్లా ఎక్కుతుంది, సున్నా రాసుకో అని. దాసన్న రాసుకునేవాడు. పంతొమ్మిదేండ్లు, పంతొమ్మిది సున్నాలు. పురుగు కాలితో ఎక్కదనీ, తాగే నీళ్ళతో కడుపులోకి పోతుందనీ కడపలో టీకాల శిక్షణ ఇచ్చినప్పుడే ఆయనకు చెప్పారు. అయినా రాసేవాడు.

ఆ ఏడు సర్కారు ఒక కొత్త మాట చెప్పింది. నారికురుపు ఎక్కువున్న చోట, మెట్లు లేని చేదబావి తవ్విస్తారట. ఎవరూ నీళ్ళలో కాలు పెట్టే పని లేకుండా గిలక మీద తోడుకునే బావి. ఊరికి ఒకటే. ఊళ్ళో తవ్వాలా, వాడలో తవ్వాలా అన్నది లెక్కను బట్టి తేలుతుంది. ఆ లెక్క చూడడానికి మద్రాసు నుంచి ఒక కుర్రాణ్ణి పంపారు.

పేరు యూసుఫ్. సముద్రానికి అవతల, ఆఫ్రికా కొసన ఉన్న సోమాలీ దేశంవాడు. మన సర్కారు ఇచ్చిన ఉపకారవేతనంతో మద్రాసులో బి.యస్సీ. ముగించి, ప్రజారోగ్యం చదువులో చేరాడు. ఇరవై నాలుగేండ్లుంటాయి. తాటిచెట్టంత పొడవు, నేరేడుపండు రంగు. రైలు దిగితే కమలాపురం పిల్లలు వెంటపడ్డారు. మాట సగం ఇంగ్లీషు, సగం మద్రాసు సాయిబుల దగ్గర పట్టిన ఉర్దూ. మిషను బడిలో ఎనిమిది చదివిన దాసన్నకు ఆ రెండూ కలిపి అర్థమయ్యేవి. ఆయన్ని ఊళ్ళు తిప్పే పని దాసన్న నెత్తిన పడింది.

మొదటి రోజే చావిడి దగ్గర జరిగింది అసలు సంగతి. మునసబు లేచి ఎదురొచ్చాడు. పరదేశి దొర అని కుర్చీ వేయించాడు. ఇత్తడి లోటాలో మజ్జిగ ఇప్పించాడు. తరువాత ఆ లోటాను బూడిదతో మూడుసార్లు తోమించి ఉండొచ్చు, కానీ ఇచ్చాడు. దాసన్న ఎప్పటిలాగే చెప్పులు పక్కన పెట్టి, ఎండలో నేల మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. ఊరి కాళ్ళు నలభై ఒకటి తేలాయి. వాడకు సున్నా. మునసబు మామూలు మాట చెప్పాడు, దాసన్న మామూలు గుండ్రం చుట్టాడు.

తిరిగి వస్తుంటే పాపఘ్ని ఏటి ఇసకలో యూసుఫ్ ఆగాడు. నువ్వెందుకు కూర్చోలేదు, ఇంకో కుర్చీ ఉంది గదా అని అడిగాడు. అడిగింది అమాయకంగానే. కానీ దాసన్నకు అరికాలి నుంచి మంట లేచింది. సముద్రం దాటి వచ్చిన నల్లమనిషికి కుర్చీ ఉంది. బావికి నాలుగు వందల గజాల దూరంలో పుట్టిన తనకు లేదు. పైగా ఎందుకు కూర్చోలేదని అడుగుతున్నాడు.

అప్పటిదాకా దొరా దొరా అంటున్న దాసన్న నోట ఈసారి దొర అన్న మాట రాలేదు. "చూడప్పా, నువ్వు మూడు నెల్లకు రైలెక్కి పోతావు. నేను ఈడనే సావల్ల. నీ కుర్చీ నువ్వు జూసుకో, నా నేల నేను జూసుకుంటా."

యూసుఫ్ నొచ్చుకోలేదు. ఇసకలో చతికిలబడి, కాసేపటికి తన సంగతి చెప్పాడు. వాళ్ళది ఒంటెలు తోలుకుని నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోయే కుటుంబం. ఆయనకు ఏడేండ్లప్పుడు వాళ్ళమ్మ కాన్పు కష్టమై చనిపోయింది. ఆస్పత్రి ఉన్న పట్నానికి ఒంటె మీద మూడు రోజుల దారి. రెండో రోజు దారిలోనే పోయింది, కడుపులో బిడ్డతో సహా. పెద్దయ్యాక పట్నంలో చదువుకుంటూ, తెల్లదొరల వైద్యశాఖ ఆ ఏడు అచ్చేసిన పుస్తకం వెతికి చూశాడు. కాన్పులో చనిపోయిన వాళ్ళు ఆరుగురని ఉంది. ఆస్పత్రి గేటు లోపల చనిపోయిన ఆరుగురు. ఎడారిలో పోయినవాళ్ళు ఎవరూ పోనట్టే.

"ఆ కాగితం చూపించి, ఇంకో ఆస్పత్రి అక్కర్లేదని చెప్పారు. మా ఖండం నిండా అట్లాంటి కాగితాలే, దాసన్నా. రోగం మనిషిని ఒకసారి చంపుతుంది. ఆ కాగితం రెండోసారి చంపుతుంది. మా అమ్మ ఏ కాగితంలోనూ లేదు. నేను చదివింది అందుకే."

దాసన్న రిజిస్టరు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం ఎండ దెబ్బకు యూసుఫ్‌కు కళ్ళు తిరిగితే, దగ్గరే గదా అని దాసన్న వాడలోని తన ఇంటికి తీసుకుపోయాడు. భార్య విశ్వాసమ్మ రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పెట్టింది. గోడ పట్టుకుని కుంటుతూ పెట్టింది. ఆమె ఎడమ కాలి పిక్కకు గుడ్డ కట్టి ఉంది, గుడ్డలోంచి ఈతపుల్ల కొస కనిపిస్తోంది. ఆ పుల్లను రోజూ పొద్దుగూకే ముందు తిప్పేది దాసన్నే. టీకాలు వేసే చెయ్యి గదా, మెత్తగా తిప్పేవాడు. పన్నెండు రోజులుగా తిప్పుతున్నాడు, ఇంకా జానెడు లోపలుంది.

యూసుఫ్ చేతిలో ముద్ద కంచంలోకి వదిలేశాడు. ఈమె కాలు నిన్నటి లెక్కలో ఎక్కడుంది అని ఇంగ్లీషులో అడిగాడు. దాసన్న తల వంచుకున్నాడు. విశ్వాసమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ మొగుడి తల వంగిన తీరు ఆమెకు బాగా తెలుసు. ఏమంటాండాడని నిలదీసింది. ఆమె వదల్లేదు. చివరికి దాసన్న చెప్పాడు.

ఆమె కాలి గుడ్డ మీద చెయ్యి వేసుకుంది. తరువాత మెల్లగా మొదలుపెట్టింది. "పోయినేడు మోకాటి కింద ఒగటి. అంతకుముందేడు మడమలో రెండు. అవి సున్నానా? మీయమ్మ కాలు వంకర పోయి, పాక్కుంటా పాక్కుంటా సచ్చిపాయ. ఆమెను గూడా నువ్వే రాసినావా సున్నా అని?"

"మునసబు చెప్పినట్ల రాయకపోతే..."

"మునసబు చెయ్యా అది, నీ చెయ్యా?"

ఆ సాయంత్రం ఎప్పటిలాగే గోరువెచ్చని నీళ్ళు, వేపాకు తెచ్చుకుని దాసన్న ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. "ఆ చేత్తో తాకొద్దు నన్ను. పురుగు లేదని రాసినోనికి పుల్లతో పనేముండాది?" అని తనే పుల్ల పట్టుకుంది. ఆమె చేతికి ఆ పని అలవాటు లేదు. వంగి తిప్పబోతే పుల్ల జారింది. తెగుతుందేమోనని దాసన్న చెయ్యి చాచబోయి ఆపుకున్నాడు. ఆమె తిప్పడం మానేసి, గుడ్డ బిగించి, మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ తరువాత మూడు రోజులు దాసన్న, యూసుఫ్ వాడలో గుడిసె గుడిసెకూ తిరిగారు. పంతొమ్మిదేండ్లలో ఎన్నడూ చూడని లెక్క. చర్చి పక్కనున్న లేవి అనే ముసలాయన రెండు కాళ్ళూ చాపి, నాలుగు పుండ్లు చూపించి, ఒక్కో దానికీ ఒక్కో పేరు పెట్టుకున్నానని నవ్వాడు. పెద్దదానికి మునసబని పేరు. ఎంత లాగినా బయటికి రాదు గనుక అన్నాడు. అందరూ నవ్వారు, దాసన్న నవ్వలేకపోయాడు. రెండు వందల పన్నెండు మందిలో యాభై నాలుగు మందికి పురుగుంది. దాసన్న పేర్ల పట్టీ రాస్తుంటే, యూసుఫ్ తన పుస్తకంలో అంకెలు వేసుకుంటూ, పళ్ళు కొరుకుతూ, తన భాషలో ఏదో తిట్టుకునేవాడు. భాష తెలియకపోయినా ఆ తిట్టు దాసన్నకు సొంత తిట్టులాగే వినిపించేది.

గురువారం జిల్లా హెల్త్ ఆఫీసరు జీపులో వచ్చాడు. చావిడిలో కుర్చీలు వేశారు. యూసుఫ్ తన పుస్తకం తెరిచి వాడ లెక్క చదివాడు. మునసబుకు కోపం రాలేదు, చిన్నగా నవ్వాడు. బావి మెట్టు తొక్కని వాళ్ళకు యాభై నాలుగు పురుగులంటే ఎవరన్నా నమ్ముతారా అన్నాడు. పరదేశి దొరకు వాడవాళ్ళు ఏ పుండు చూపిస్తే అదే నారికురుపు అయిపోయిందన్నాడు. ఆఫీసరు దాసన్న రిజిస్టరు అడిగి తెప్పించుకుని వెనక్కి వెనక్కి తిప్పాడు. ఏటా సున్నా. అన్నీ ఒకే దస్తూరి.

ఆఫీసరు గొంతు పెంచలేదు. "ఏమయ్యా, పంతొమ్మిదేండ్లు నువ్వే సున్నా రాశావు. ఈ యాభై నాలుగు అబద్ధమని సంతకం పెట్టు, పనైపోతుంది. లేదా నీ పంతొమ్మిదేండ్ల రాత అబద్ధమను. అది నిజమైతే నీ ఉద్యోగం ఉండదు. ఆలోచించుకుని చెప్పు."

యూసుఫ్ ఏదో అనబోతే ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. మునసబు దాసన్న వైపు వంగి, మెత్తగా అన్నాడు. "పెట్టప్పా సంతకం. నీకెందుకు లేనిపోంది. ఊళ్ళో బావి తవ్వినా, పైనుంచి మీకు పోయకుండా పోతామా?"

ఆ మెత్తని మాటే దాసన్నను కాల్చింది. తిట్టి ఉంటే బహుశా ఎప్పటిలాగే తల వంచేవాడు. పైనుంచి పోస్తామంటున్నాడు. ఇంకో పంతొమ్మిదేండ్లు, ఇంకో బావి ముందు, నాలుగడుగుల దూరంలో విశ్వాసమ్మ కుంటికాలితో నిలబడి ఉండడం ఆయన కళ్ళకు కట్టింది.

దాసన్న నేల మీదనుంచి లేచాడు. చావిడి మెట్టెక్కాడు. ఒక్కటంటే ఒక్క మెట్టు. జనంలో గుసగుస లేచింది, మునసబు నవ్వు ఆగింది. ఆఫీసరు ముందున్న బల్ల మీదికి వంగి, రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు.

"ఈ పంతొమ్మిదేండ్లదే అబద్ధం సార్. రాసినోణ్ణి నేనే. పురుగు నీళ్ళతో కడుపులోకి పోతాదని తెలిసీ రాసినా. మునసబు చెప్పె, నేను రాస్తి. వాడలోకి పోయి ఒగ కాలు చూసింది లేదు. నా పెండ్లాం కాలు ఇంట్లో చూస్తా, ఈడికొచ్చి సున్నా రాస్తి. ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి. బావి మాత్రం వాడలో తవ్వల్ల."

అని, ఆ మాటలే ఆ ఏటి గడి కింద రాశాడు. సున్నా కొట్టేసి యాభై నాలుగు వేశాడు. ఇన్నేండ్లూ ముత్యాల్లా ఉండే దస్తూరి ఆ రోజు వంకరటింకరగా పడింది, పాళీ ఒకచోట కాగితాన్ని చింపింది కూడా. కింద సంతకం పెట్టాడు. ఆఫీసరు ఆ పుట చదివి, రిజిస్టరు మూసి తన సంచిలో వేసుకున్నాడు. రాసిన వాడే తప్పొప్పుకున్న కాగితాన్ని చించడం ఆయన చేతిలో కూడా లేదు. జీపెక్కాడు. మునసబు మాత్రం, మెట్టెక్కిన సంగతి తరువాత మాట్లాడుకుందామన్నాడు.

యూసుఫ్ వాడ దాకా వెంట వచ్చాడు. దారిలో ఆయన అన్నది ఒక్కటే. తాను దేశానికి తిరిగిపోతే మొదట చెయ్యబోయే పని ఆస్పత్రి గేటు బయట నిలబడి లెక్క పెట్టడమని. దాసన్న తలూపాడు. పంతొమ్మిదేండ్లకు సరిపడా రావలసిన కోపం ఒక్కసారే వచ్చింది, అది ఒక సంతకంతో తీరేది కాదు.

విశ్వాసమ్మ గడప మీద కూర్చుని ఉంది. చావిడి కబురు ఆయనకంటే ముందే వాడకు చేరినట్టుంది. అయినా ఆమె మొహంలో మెత్తదనమేమీ లేదు.

"ఉద్యోగం పాయనా?"

"పోతాది. కాగితం రావల్ల."

"నా పేరు రాసినావా?"

"వాడ పట్టీలో మొదటి పేరు నీదే. దాని కింద అమ్మ పేరు గూడా రాసినా. సచ్చినోళ్ళ పేర్లు రాయగూడదంట, అయినా రాసినా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మాట పెంచలేదు. ఇంట్లోంచి వేపాకు నీళ్ళు తానే తెచ్చి ముందు పెట్టి, ఎడమ కాలు ఆయన వైపు చాపింది.

"మెల్లగ తిప్పు. ఇంగా జానెడు ఉండాది" అంది.