జంటలు ఎక్కాయా?

మిషిగన్‌లో మా ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళం ఏ దేశం చూడ్డానికి బయల్దేరినా ముందు రైస్ కుక్కర్ సర్దుకుంటాం. పాస్‌పోర్టులు ఆ తర్వాత. చూసొచ్చిన కోట ఏ రాజు కట్టించాడో అడిగితే నీళ్ళు నములుతాం గాని, హోటల్ గదిలో ఫైర్ అలారం మోగకుండా పోపు ఎలా పెట్టామో మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాం. నేనూ ఆ గుంపులోదాన్నే. వెక్కిరించడానికి చెప్పటం లేదు. సరే, కొంచెం వెక్కిరించడానికే.

మా యాత్రలన్నిటికీ పెద్ద ఒకాయనే. జీవితమంతా కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. బస్సు ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో తనే చెప్పాలని ఆయన గట్టి నమ్మకం. ఊరికొక లోకల్ గైడ్ ఉన్నా సరే, “మావాళ్ళ సంగతి నేను చూసుకుంటా” అని లెక్కపెట్టే పని ఆయనే తీసుకుంటారు. ఆ లెక్క మనుషులది కాదు, జంటలది. బస్సు కదిలేముందు డ్రైవర్ పక్కన నిలబడి “జంటలు ఎక్కాయా?” అని గట్టిగా అడుగుతారు. ఎవరికి వాళ్ళు పక్క సీటు చూసుకుంటారు. అది ఖాళీగా ఉంటే కేక వేస్తారు. కేక వినపడకపోతే బస్సు కదులుతుంది. తలలు లెక్కపెట్టడం కన్నా ఇది తొందరగా అవుతుందనీ, ఎవరైనా తప్పిపోతే మొగుడూపెళ్ళాలే తేల్చుకుంటారనీ ఆయన వాదన.

మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ పద్ధతి నాకూ సరదాగానే ఉండేది. నేను గిఫ్ట్ షాపుల్లో ఆలస్యం చేసే రకం. “జంటలు ఎక్కాయా?” అనగానే మా ఆయన సీట్లోంచి సగం లేచి, “మా డాక్టరు రాలేదండోయ్, బండి కదిలితే ఊరుకోను” అని అరిచేవారట. నేను చేతినిండా ఫ్రిజ్ మాగ్నెట్లతో ఎక్కుతుంటే బస్సంతా చప్పట్లు. పిల్లల డాక్టరుగా ఊరినిండా పేరున్నదాన్ని, ఆ బస్సులో మాత్రం ఆలస్యపు డాక్టర్ని.

ఆయన పోయాక ఒక వేసవి నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మరుసటి వేసవి మావాళ్ళు స్పెయిన్ అనుకున్నారు. పెద్దాయన భార్య ఫోన్ చేసి, “అక్కా, మీరు రాకపోతే నేనూ వెళ్ళను” అంది. తను వెళ్తుందని నాకూ తెలుసు, తనకూ తెలుసు. అయినా ఆ మాట అన్నందుకు నాకు కళ్ళు చెమర్చాయి. శాంటా క్లారాలో ఉండే మా అమ్మాయి మాత్రం, “అమ్మా, నువ్వు అలోన్‌గా వెళ్తావ్? యు డోంట్ హావ్ టు” అంది.

“అలోన్ ఏంటే, అందరం వెళ్తున్నాం” అన్నాను.

అన్నాను గాని, నాకు తెలుసుకోవాలని ఉన్నది సరిగ్గా అదే. ఆయన లేకుండా ఆ అందర్లో నేను ఉన్నానా? ఇన్నేళ్ళ నుంచి వాళ్ళ పిల్లల జ్వరాలకి వేళకాని వేళ ఫోన్లు ఎత్తాను, వాళ్ళ గృహప్రవేశాలకి పాలు పొంగించాను. అది నా చోటా, లేక మా ఆయన పక్క సీటా? అది తేల్చుకోవడానికే టికెట్ కొన్నాను. కోటలు, చర్చిలు నాకు తర్వాతి విషయం.

మాలగా అని మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఓడరేవు పక్కనే పాత బస్తీ, బస్తీ వెనకే కొండ, కొండ మీద కోట. వీధుల్లో పరిచిన పాలరాయి ఎంత నున్నగా ఉందంటే, మేమందరం మోకాళ్ళు జాగ్రత్త, మోకాళ్ళు జాగ్రత్త అనుకుంటూ నడిచాం. ఎటు చూసినా మాలాంటి వాళ్ళే. ఓడల్లోంచి దిగినవాళ్ళు, చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ అద్దె ఫ్లాట్లు వెతుక్కునేవాళ్ళు, ఐస్‌క్రీం పట్టుకుని ఫోన్లోకి నవ్వేవాళ్ళు. ఒక గుమ్మం మీద చిన్న స్టికర్ కనిపిస్తే ఏముందని గైడమ్మాయిని అడిగాను. “ఇది ఒకప్పుడు మా ఇల్లు” అని రాసుందట. అద్దెలు పెరిగి, టూరిస్టులకి ఇళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళ తరఫున అంటించారని చెప్పింది. మావాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటో దిగారు. తీసింది నేనే.

ఆ యాత్రలో ఫోటోలన్నీ నేనే తీశాను. జంటలు పక్కపక్కన నిలబడాలి, తీయడానికి ఒక మనిషి కావాలి. రోమన్ల నాటి థియేటర్ మెట్ల మీద, నారింజ చెట్ల కింద, ఓ ప్రఖ్యాత చిత్రకారుడు పుట్టిన ఇంటి ముందు, “డాక్టరుగారూ, ఒక్కటి” అంటూ ఫోన్లు నా చేతికొచ్చేవి. మొదట్లో పెద్దాయన బస్సులో జంటల కేక వేశాక నా వైపు చూసి, “డాక్టరుగారు వచ్చేశారుగా” అని విడిగా అడిగేవారు. రోజులు గడిచేకొద్దీ ఆ చూపు తగ్గింది. నేనూ పట్టించుకోలేదు. పట్టించుకోలేదని అనుకున్నాను.

ఆ ఊళ్ళో పెద్ద చర్చి ఒకటి ఉంది. రెండు గోపురాలు లేవాల్సిన చోట ఒకటే పూర్తయింది. రెండోది మొదలుపెట్టి సగంలో ఆపేశారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఒంటిచేతి ఆవిడ అని పిలుస్తారట. గైడమ్మాయి ఈ మాట చెప్పగానే మా గుంపులో ఒకావిడ నా వైపు చూసింది. చూసినందుకు నొచ్చుకుని, గబుక్కున తల తిప్పుకుని, మొగుడి చొక్కా మీద లేని దుమ్ము దులిపింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరో వందల ఏళ్ళ కిందట కట్టలేక మానేసిన గోపురానికీ నాకూ ఏమిటి చుట్టరికం?

తర్వాత కాసేపు ఎవరిష్టం వాళ్ళదన్నారు. మావాళ్ళు చెప్పుల దుకాణాల మీద పడ్డారు. నేను తిరిగి ఆ చర్చి ముందుకే వెళ్ళాను. నన్నెవరూ జాలిగా చూడని సమయంలో దాన్ని తీరిగ్గా చూడాలనిపించింది. కోపంతో వెళ్ళినదాన్ని బెంచీ మీద కూర్చుండిపోయాను. మా ఆయన ఉంటే రెండో గోపురం డబ్బు ఏ కాంట్రాక్టరు తిన్నాడో చెప్పమని గైడమ్మాయిని వదిలేవారు కాదు. ఆ ఊహకి నాకు పైకే నవ్వొచ్చింది. నవ్వి పక్కకి తిరిగాను. పక్కన ఒక విదేశీ ముసలాయన మ్యాప్ చూసుకుంటున్నాడు. మా ఆయన పోయాక నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఉన్నారు. నవ్వొచ్చినప్పుడే ఎవరూ లేరు.

బస్సు ఆగిన చోటికి కొంచెం ఆలస్యంగానే వెళ్ళాను. ఆలస్యమంటే మా లెక్కలో ఆలస్యమే కాదు. ముందురోజు ఒకాయన తోలు బెల్టు బేరంలో పడి టైము మర్చిపోతే, ఆయన భార్య సీట్లోంచి పెట్టిన కేకలకి బస్సు ఎంతోసేపు ఆగింది. తోట పక్క రోడ్డు మీద చూస్తే మా బస్సు లేదు. వేరే బస్సులున్నాయి, వేరే గుంపులున్నాయి. అవతలి వైపు ఆపారేమోనని అటూ నడిచి చూశాను. అక్కడా లేదు. తర్వాత చూడాల్సింది కొండ మీది కోట. నన్ను వదిలేసి అక్కడికి వెళ్ళిపోయారు.

ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్క కాల్ చేస్తే వెనక్కి వచ్చేవాళ్ళే. చేయలేదు. మొండితనం అనండి, ఇంకేమైనా అనండి. ముందు వాళ్ళే చేయాలనుకున్నాను. బస్సు మలుపు తిరిగేలోపు ఎవరో ఒకరు “డాక్టరుగారేరీ?” అంటారు, పెద్దాయన నాలుక కరుచుకుంటారు, ఫోన్ మోగుతుంది, నేను కాసేపు బెట్టు చేసి ఎక్కుతాను. ఇదంతా మనసులో చూసేశాను కూడా. తోటలో తాటిచెట్లలాంటి వాటి మీద పచ్చటి చిలకలు ఒకటే గోల. ఫోన్ మాత్రం మోగలేదు.

చాలాసేపటికి టింగుమంది. పెద్దాయన మా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. కోట గోడ మీద మావాళ్ళు రెండు వరసల్లో, వెనక నీలంగా సముద్రం. కింద “అందరం కోట మీద!” అని రాశారు. దాని కింద చప్పట్లు, గుండెలు. నేను ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి ఒక్కొక్క ముఖమే చూశాను. అందరూ ఉన్నారు, తీసింది ఏ దారినపోయేవాళ్ళో. అందరూ దగ్గరదగ్గరగా జరిగి నిలబడ్డారు. నేను నిలబడాల్సిన ఖాళీ అంటూ ఆ ఫోటోలో ఎక్కడా లేదు. అప్పుడు ఏడ్చాను. రోడ్డు పక్కన, చిలకల కింద, హ్యాండ్‌బ్యాగ్ గుండెకి పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఏడుపు అయ్యాక ఆకలేసింది. సముద్రపు ఒడ్డుకి నడిచాను. అక్కడ పాత పడవల్లో ఇసుక పోసి, ఇసుక మీద కట్టెలు రాజేసి, పుల్లలకి గుచ్చిన చిన్న చేపలు కాలుస్తున్నారు. ఒక బల్ల దగ్గర కూర్చోగానే కుర్రవాడొకడు వచ్చి ఒక వేలు చూపించాడు. ఒక్కరేనా అని. తలూపాను. ఎదురుగా ఉన్న ప్లేటు, ఫోర్కు, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. మిషిగన్‌లోనూ ఇదే చేస్తారు. ఎక్కడైనా ఆ చప్పుడు నాకు నచ్చదు. చేపలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, ఉన్నమాట చెప్పాలి. సముద్రాన్ని నేను సరిగ్గా చూసింది కూడా అప్పుడే. ఎవరి ఫోటోకీ వెనక గోడలా కాకుండా, దానంతట అది.

టాక్సీలో హోటల్‌కి వచ్చి లాబీలో కూర్చున్నాను. సాయంత్రం బస్సు వచ్చింది. అందరూ దిగారు. పెద్దాయన భార్య నా పక్కన కూలబడి చెప్పులు విప్పుకుంటూ, “అబ్బ, ఆ ఎత్తు ఏంటి అక్కా! మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?” అంది.

నేనూ కోట ఎక్కాననే అనుకుంటోంది.

“బానే ఉన్నాయి” అన్నాను. లేచి నా గదికి వెళ్ళిపోయాను.

వేసవి అయిపోయి, ఆకులు రంగు మారాక, ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో ఫోటోలు చూసే కార్యక్రమం పెట్టారు. ఎవరికి తోచిన వంటకం వాళ్ళు తేవాలి. నేను గుత్తివంకాయ కూర తీసుకెళ్ళాను. మా ఇళ్ళల్లో గిన్నెలు తారుమారు కాకుండా అడుగున టేపు అంటించి పేరు రాసుకుంటాం. నా గిన్నె అడుగున ఇప్పటికీ మా ఆయన చేతిరాతే, మా ఇద్దరి పేర్లూ.

పెద్ద టీవీలో ఫోటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కోట ఫోటో రాగానే అందరూ ఓహో అన్నారు.

“దీన్ని ఫ్రేమ్ కట్టించాలండీ. ఎవరు తీశారో గాని పర్ఫెక్ట్‌గా వచ్చింది” అన్నారొకరు.

“ఇంకెవరు తీస్తారు? డాక్టరుగారే. అందుకే కదా ఆవిడ ఇందులో లేరు” అన్నారు పెద్దాయన. నవ్వుతూ నా వైపు తిరిగి, “నెక్స్ట్ సమ్మర్ క్రొయేషియాకి కూడా మీరు రావాల్సిందే డాక్టరుగారూ. మీరుంటే మాకు ఫోటోలకి ఇబ్బంది ఉండదు” అన్నారు.

ప్రేమగానే అన్నారు. అదే నన్ను రెచ్చగొట్టింది.

“అది నేను తీయలేదు. నేనక్కడ లేను” అన్నాను. “బస్సు నన్ను చర్చి దగ్గర వదిలేసి వెళ్ళిపోయింది. నేను టాక్సీలో హోటల్‌కి వచ్చాను.”

టీవీలో ఫోటోలతో పాటు వస్తున్న పాటని ఎవరో ఆపారు. పెద్దాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఏం చేయాలో దానికీ తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నిజంగా గుర్తు తెచ్చుకుంటున్నారు.

“అదెలాగండీ? నేను అడిగాను కదా. అందరూ ఎక్కామన్నారు” అని, ఇంకాసేపు ఆలోచించి, “లెక్క సరిపోయిందండీ” అన్నారు.

“అవునండీ, సరిపోయింది” అన్నాను.

కోటు వేసుకుని మెట్లెక్కి బయటికి వచ్చాను. వెనకనుంచి అక్కా, అక్కా అని వినపడుతూనే ఉంది. కారు స్టార్ట్ చేసి డ్రైవ్‌వేలో వెనక్కి తీస్తుంటే పెద్దాయన భార్య చెప్పులైనా లేకుండా, రాలిన తడి ఆకుల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. అద్దం దించాను. తన కళ్ళల్లో నీళ్ళున్నాయి. చేతిలో ఉన్నది లోపలికి అందించింది.

“మీ గిన్నె, అక్కా. మర్చిపోయి వెళ్తున్నారు.”

కడిగి, తుడిచి తెచ్చింది. తీసుకుని, బోర్లించి, మా ఆయన కూర్చునే సీట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను.