అమరేందర్ సారు శనివారం పీరియడ్

మా ఇంట్లో కిరాయికి ఉన్న అమరేందర్ సారు మెదక్‌లో ఒక ఎంబీయే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రేగోడ్ మనిషి. శనివారం ఆఖరి పీరియడ్‌కు మాత్రం పుస్తకం పట్టుకుపోయేవాడు కాదు. నలుగురితో కలిసి పని చేయడం, తెలియంది అడగడం, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినడం, ఇదే పాఠం. ఆ ఆఖరిది నాకు కాన్వెంటు సిస్టర్లు పదేళ్లు నేర్పారు. ఇప్పటికీ రాలేదు.

"పరీక్షల రాని పాఠం ఎందుకు సార్?" అని ప్రిన్సిపాల్ ఇంద్రకరణ్ ఆ పీరియడ్ తీసేయబోయాడు.

అవి రెండు వేల పదకొండులో, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. కాలేజీలు బంద్. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పుకు ఊరు సిద్ధమవుతోంది.

"మూడు వందల మందికి మా పిల్లలు వండుతరు. నేను నోరిప్ప. ఒంటిగంటకు బువ్వ పెట్టకపోతే పీరియడ్ తీసేయుండ్రి," అన్నాడు సారు.

పిల్లలు చార్టులు గీశారు. బియ్యానికో మేనేజరు, పప్పుకో మేనేజరు, నీళ్లకో మేనేజరు. కట్టెలు ఎండినవేనా అని చూసినవాడే లేడు. ముందురోజు వానకు అవి నానిపోయాయి. ఎంత పొగ లేచిందంటే, ఎక్కడో దూరాన ఉన్న తూప్రాన్‌లో మబ్బు పట్టిందనుకుని ఆరేసిన బట్టలు తీసేశారు. సారు ఓ మూల కూర్చుని చేతిరుమాలు పిండుతున్నాడు.

హవేలిఘనపూర్ పిల్ల బాలమణి చేరి ఏడాది దాటినా క్లాసులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ పిల్ల పన్నెండున్నరకు చార్టు పక్కన పెట్టి, ధర్నాలో కూర్చున్న కట్టెల దుకాణం భూమయ్య దగ్గరికి పోయింది.

"కాకా, మా కట్టెలు నానినయ్. మాతోని అయితలేదు. జర సాయం చెయ్యుండ్రి."

"గీ మాట పొద్దుగాలనే అడగొద్దా బిడ్డా? మస్తు చదువుకున్నోళ్లని మేం చూసుకుంట కూసున్నం!" భూమయ్య లేచాడు. వెంట పదిమంది లేచారు.

అన్నం ఉడికేసరికి రెండయింది. ప్రిన్సిపాల్ గడియారం చూపించాడు. "ఓడిపోయిండ్రు సార్." సారు తలూపాడు.

బాలమణి గరిటెతోనే వచ్చి ప్రిన్సిపాల్ ముందు నిలబడింది. "గంట ఆలస్యమైంది సార్, తప్పు మాదే. గానీ పీరియడ్ తియ్యకుండ్రి. మేం నేర్సుకునేది ఇంకా మస్తున్నది."

"ఆ సంగతి ఇయ్యాల్నే ఎరుకైందా?"

"అవ్ సార్. పన్నెండున్నరకు."

ప్రిన్సిపాల్ నవ్వాపుకోలేక విస్తరి ముందుకు చాపాడు. "పప్పు ఎయ్యమ్మా."

సమ్మె అయ్యాక టైంటేబుల్లో ఆ పీరియడ్ ఉంది, పెన్సిలుతో. బాలమణి పెన్ను తీసి దాని మీదే దిద్దింది. నేను చూడలేదు గానీ, అడిగినవాళ్లకు చూశాననే చెబుతాను.