మావయ్య పక్కన సున్నపు గీత

మా మేనత్త పోయిన మంగళవారం చనిపోయింది. ఫోనులో ఆ కబురు చెప్పిన చర్చి పెద్ద, వెంటనే, "గేటు దగ్గర ఒప్పుకోవడం లేదండి" అన్నాడు. ఏ గేటో, ఎందుకు ఒప్పుకోలేదో మీకు చెప్పాలి. చెబుతుంటే గొంతు పెరిగితే ఓర్చుకోండి.

పట్నంలో దొరల కాలం నాటి గోల్ఫు క్లబ్బు ఒకటుండేది. దాని స్థలం అపార్టుమెంట్లవాళ్ళ కంట పడింది. క్లబ్బు మండపేట దగ్గర మా ఊరి పొలాల్లోకి మారింది. దొరలు కూర్చున్న పేము కుర్చీలను, ఇత్తడి గంటను దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డల్లా దించారు. చరిత్రను కాపాడుకుంటున్నామని మైకులో చెప్పారు. కాపాడుకోండి, ఎవరొద్దన్నారు? కానీ ఆ కొత్త పచ్చిక మధ్యలో మా పేట సమాధుల తోట ఉంది. అందులో మా మావయ్య ఉన్నాడు. దొర కూర్చున్న కుర్చీ చరిత్ర అట. కూలివాడు పడుకున్న నేల పోరంబోకు అట.

అత్త నాట్లకు వెళ్ళేది. ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పేది. నేను సభల నుంచి మండిపోతూ వస్తే, "కోపం మంచిదేరా, ముందు అన్నం తిను" అనేది. ఈస్టరు తెల్లవారుజామున పేటంతా సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడుతుంది. ఆ రోజు నా చేతికి కుంచె ఇచ్చేది. "దేవుణ్ణి నమ్మకపోతే మానె. మావయ్యను నమ్ముతావుగా, పట్టుకో."

క్లబ్బు మేనేజరు పేటకొచ్చినప్పుడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. గోడలు కట్టబోమన్నాడు, వేసేది గడ్డేనన్నాడు. గడ్డితో మనకేం నష్టమని మావాళ్ళు తలలూపారు. అత్త ఒక్కతే లేచి, "మా ఆయన పక్కన నాకు చోటుంటుందాండీ?" అని అడిగింది.

"ఉన్నవాటి జోలికి రామమ్మా" అన్నాడతను.

అందరికీ అది అభయంలా వినిపించింది. అత్త మాత్రం ఇంటికి నడుస్తూ ఆ "ఉన్నవాటి" అన్న మాటనే మళ్ళీ మళ్ళీ అనుకుంది.

నేను వ్యాసాలు రాశాను. అర్జీలు మోశాను. అత్త నాచేత ఒక వ్యాసం చదివించుకుని అంది: "బాగా రాశావురా. చదివేవాళ్ళు కూడా మంచోళ్ళే అయ్యుంటారు. గడ్డి మాత్రం పెరుగుతూనే ఉంది."

పోయిన ఈస్టరుకి క్లబ్బు గేటు దగ్గర పేర్లు చెప్పి లోపలికెళ్ళాం. మావయ్యకు సున్నం వేశాక అత్త బకెట్టు పక్కకు జరుపుకుని, గడ్డి మీద మనిషి పొడవున నాలుగు గీతలు గీసింది. ఏంటత్తా ఇది అన్నాను.

"రామచంద్రపురం బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వెయ్యమూ? అదే ఇది."

నవ్వాను. తను నవ్వలేదు.

మంగళవారం అత్త పెట్టెను ఆ గేటు దాటనివ్వలేదు. పాత సమాధులు చూసుకోవచ్చట, కొత్తవి కుదరవట. నాకు తెలిసిన నినాదాలన్నీ అరిచాను. వాచ్‌మన్ తల దించుకుని నిలబడ్డాడు, అతనిదీ మా పేటే. చివరికి రైసుమిల్లు వెనక దొరికిన చోట అత్తను పూడ్చాం. ప్రార్థన పూర్తయ్యేసరికే మట్టి మీద ఊకబూడిద పరుచుకుంది.

మర్నాడు మావయ్యకు చెప్పాలనిపించింది. చచ్చినవాళ్ళు వినరని జీవితమంతా వాదించినవాణ్ణి, వెళ్ళాను. ఒకాయన కొట్టిన బంతి దొర్లుకుంటూ వచ్చి అత్త గీతల మధ్య ఆగింది. ఆయన కర్ర ఎత్తబోతుంటే పక్కాయన వారించాడు.

"తెల్లగీత ఉంది చూడండి. బాగుచేస్తున్న నేలండి అది. అందులోంచి కొట్టకూడదు, రూల్సు."

ఆయన వంగి బంతి తీసుకున్నాడు. గీత తొక్కకుండా ఇవతలికొచ్చి, గడ్డి మీద వదిలి, కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

దగ్గరికెళ్ళి చూశాను. ఈస్టరు నాటి సున్నం ఈపాటికి వెలిసిపోవాలి. అది కూడా తమ గీతే అనుకుని, మిగతావాటితో పాటు క్లబ్బువాళ్ళు ఆ పొద్దున్నే మళ్ళీ వేసినట్టున్నారు. వేలు పెడితే తడి అంటింది.