ఫ్యాన్లు పీకించిన న్యాయమూర్తి

తెలంగాణ ఉద్యమానికి తొర్రూరులో మీరేం చేశారని ఎవరైనా అడిగితే, రెండు కార్లను నడిరోడ్డు మీద చంపానని చెప్తాను. కంగారు పడకండి, మనుషులెవరికీ ఏమీ కాలేదు. పోయింది నా తర్కం పరువొక్కటే.

ఊరేగింపులో మైకు కారు ఎవరిదుండాలన్న దగ్గర తగాదా మొదలైంది. మెకానిక్ ఖాజాది ఎర్ర కారు, ఎరువుల దుకాణం ఐలయ్యది తెల్ల కారు. రెండింటినీ పులుల్లా గాండ్రించేలా తయారుచేశారు. వేగమున్న కారే ముందుండాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. అది ఎవరిదన్నది మాత్రం ఒప్పుకోలేదు. ప్రాణమిత్రులు మాటలు మానేశారు, ఊరేగింపు రెండుగా చీలేలా ఉంది. ఊళ్లో నాలాంటి హేతువాది ఒకడున్నప్పుడు ఊరుకుంటాడా?

"నోటితోని తేలదు. బంద్ నాడు రోడ్లు ఖాళీ. మార్కెట్ యార్డు చుట్టు తిప్పుదాం, గడియారం చెప్తది," అన్నాను.

"నడిపేదెవలు?"

"నేనే. రెండిటికి ఒకటే డ్రైవర్, టైర్లల్ల ఒకటే గాలి. బరువు సమానంగ ఉండాలె, ఏ కారు నడిపినా మీరిద్దరు ఎనుక పక్కపక్కన కూసోవాలె."

"వీని పక్కన నేనా?" అన్నాడు ఐలయ్య.

"నాకేమన్న సోకా?" అన్నాడు ఖాజా.

"ఐలన్నా, నిమ్మకాయల దండ తీయి. ఖాజా, నీ తాయెత్తు కూడా."

"నిమ్మకాయకు బరువెంతుంటది సారూ?"

"బరువు లేదు, బలమూ లేదు. తీయి!"

ఎర్ర కారు బానెట్ ఎత్తితే ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యాను కనపడలేదు.

"అది ఇంజన్ తాకత్ గుంజుకుంటది సారూ, పీకేసిన," అన్నాడు ఖాజా గర్వంగా.

"గిదేం న్యాయం?" ఐలయ్య భగ్గుమన్నాడు.

నేను గొంతు సవరించుకొని తీర్పు చెప్పాను: తెల్లకారు ఫ్యాను కూడా పీకాలి. ఆ తీర్పును ఖాజా స్వహస్తాలతో, పరమానందంతో అమలుచేశాడు.

ముందు తెల్లదాన్ని, తర్వాత ఎర్రదాన్ని తిప్పాను. మలుపు మలుపుకూ మాటల్లేని మిత్రులు ఒకరి ఒళ్లో ఒకరు పడ్డారు. గడియారం ఎర్రదే గెలిచిందని చెప్పింది.

"సారూ, రెండోసారికి నీకు మూలలన్ని తెలిసినయి. ఎర్రదానికి ఫాయిదా!" అని ఐలయ్య అరిచాడు. నిజమే. వరస తిప్పి మళ్లీ నడిపాను. అయినా ఎర్రదే గెలిచింది. ఐలయ్య మగాడిలా ఒప్పుకొని వెనక స్థానం తీసుకున్నాడు. ఇంత నిష్పక్షపాతమైన పరీక్ష ప్రపంచంలో జరగలేదని నేను వారం రోజులు కాలర్ ఎగరేశాను.

ఊరేగింపు నాడు ముందు డప్పులు, వాటి వెనక బతుకమ్మలెత్తుకున్న ఆడవాళ్లు, ఆ వెనక ఎర్ర కారులో మైకు పట్టుకొని నేను. బతుకమ్మ ఎంత మెల్లగా కదిలితే కారూ అంతే మెల్లగా కదలాలి. పరుగులో గాలి కొట్టి ఇంజన్ చల్లబడింది గాని, ఈ నడకలో గాలేది? సగం దారిలో బానెట్ బుస్సుమంది. వెనక తెల్లది కూడా పొగలు కక్కింది.

"ఏంది సారూ, అన్నం వండుతున్నవా?" ఒకావిడ వెనక్కి తిరిగి నవ్వింది.

"అరేయ్, ఫ్యాన్లేడున్నయి?" అన్నాడు ఐలయ్య.

"షెడ్డుల," అన్నాడు ఖాజా. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు.

మైకు నా చేతిలోనే ఉంది కనక బతికిపోయాను. "తోయండి! జై తెలంగాణ!" అని కేకేశాను. జనం తోయడానికి ఎగబడ్డారు. ఎర్రకారును ఐలయ్య, తెల్లకారును ఖాజా భుజమిచ్చి తోశారు. నినాదాలకు బజారు దద్దరిల్లింది. రెండు కార్లూ పక్కపక్కనే వచ్చి బస్టాండు దగ్గర వేదికకు ఒకేసారి మూతులు ఆనించాయి.

"ఏది గెలిచింది సారూ?" అన్నాడు ఖాజా, ఐలయ్య మెడ మీద చెయ్యేసి.

"తోస్తే రెండూ సమానమే," అన్నాను మైకులో.

ఒట్టు పెట్టుకోవడానికి నాకు దేవుడు లేడు కనక ఆ జనం సాక్షిగా చెప్తున్నాను: ఇకమీద ఏ కారు వేగం కొలిచినా, అది ఎవరి వెనక నడవాలో ముందే అడిగి తెలుసుకుంటాను.