గుడ్డు లేని ఆలివ్ నూనె కేకు

నేను పెరిగిన ఊళ్లో ఆలివ్ నూనెను మందుల షాపులో అమ్మేవారు. చిన్న సీసా, పసిపిల్లల ఒంటికి పట్టించడానికి. అమెరికా వచ్చాక కూడా చాలాకాలం నాకు నూనె అంటే ఇంజన్ నూనే. ట్రాయ్ అనే ఊళ్లో కార్ల విడిభాగాల కంపెనీ ల్యాబ్‌లో, ఏ వేడి దగ్గర నూనె ఎంత పలచబడుతుంది, లోహాల మధ్య దాని పొర ఎప్పుడు తెగుతుంది అని పరీక్షించడం నా ఉద్యోగం. 2009 మొదట్లో ఆ ల్యాబ్ మూసేశారు. గ్రీన్ కార్డ్ ఉండటం వల్ల దేశం వదలాల్సిన పని పడలేదు. నా భార్య ఫార్మసీలో తన ఉద్యోగానికి వెళ్లివచ్చేది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నానని తెలిసినవాళ్లందరికీ చెప్పింది.

పగళ్లు గడవక కమ్యూనిటీ సెంటర్‌లో ఇటాలియన్ వంట క్లాసులో చేరాను. నేర్పేది ఊళ్లోనే చిన్న రెస్టారెంట్ నడిపే ఇటలీ పెద్దావిడ. మొదటిరోజు, పోపు అలవాటు కొద్దీ, నూనెను పొగలు వచ్చేదాకా కాచాను. ఆమె స్టవ్ ఆపేసి, అదే సీసాలోంచి ఒక చెంచా పచ్చి నూనె నాచేత తాగించింది. మిరియం కొరికినట్టు గొంతు మండి దగ్గు వచ్చింది. ఆ మంట, వెనకే వచ్చే చేదు మంచి నూనెకు గుర్తులనీ, నేను కాచి పోగొట్టింది వాటినేననీ చెప్పింది.

ఆ తర్వాత ఆమె చూపించినవేవీ నేను ఊహించినవి కావు. వెనిల్లా ఐస్‌క్రీమ్ మీద నూనె చుక్కలు, చిటికెడు ఉప్పు. చల్లదనానికి నూనె చిక్కబడి, నాలుక మీద కరిగాక వాసన విప్పుతుంది. స్టవ్ మీంచి దించిన పాస్తాలో అది ఉడికిన గంజినీళ్లు, నూనె కలిపి గట్టిగా కుదిపితే రెండూ విడిపోకుండా తెల్లటి సాస్ అవుతాయి. కేకులో వెన్నకు బదులు నూనె పోస్తే, చల్లారాక అది వెన్నలా గడ్డకట్టదు కాబట్టి మర్నాడు కూడా కేకు మెత్తగానే ఉంటుంది. ఇవన్నీ నాకు తెలిసిన శాస్త్రమే, తినే రూపంలో.

క్లాసులు ముగిసేసరికి, వచ్చే సోమవారం నుంచి తన రెస్టారెంట్ వంటగదిలో పనికి రమ్మని ఆమె అడిగింది. నాకు వెళ్లాలని ఉంది. నా భార్యకు చెప్పాను.

"ముందు ఉగాది పాట్‌లక్‌లో మనవాళ్లకి తినిపించండి. నచ్చితే ఈ జాబ్ సంగతి అక్కడే చెప్దాం," అంది.

తలా ఒక వంటకం తెచ్చే ఆ పాట్‌లక్ శనివారం, తెలిసినవాళ్ల ఇంట్లో పడింది. శనివారం గుడ్డు తినని వాళ్లు సగం మంది ఉంటారు కాబట్టి గుడ్డుకు బదులు పెరుగు వేసి, నారింజ తొక్క తురిమి, కేకు చేశాను. పళ్లెం త్వరగానే ఖాళీ అయింది.

"ఎగ్‌లెస్ ఇంత సాఫ్ట్‌గా ఎలా వచ్చింది వదినా?" అని ఆ ఇంటావిడ నా భార్యను అడిగింది. "ఆయిల్ ఏం వేశారు?"

"ఆలివ్ ఆయిల్ అంట."

"అయ్యో, అది పిల్లలకి రాసేది కదా."

"నేను చేయలేదులే. ఇక్కడే ఒక ఇటాలియన్ బేకరీలో ఆర్డర్ ఇచ్చాం," అంది నా భార్య.

నేను పక్కనే ఉన్నాను. "నేనే చేశాను," అన్నాను. "సోమవారం నుంచి రెస్టారెంట్ కిచెన్‌లో జాబ్ కూడా."

ఆ ఇంటావిడ భర్త నవ్వాడు. "ఇంజన్ ఆయిల్ పోయలేదు కదా అన్నా?"

"మా గృహప్రవేశానికి క్యాటరింగ్ మీకే ఇస్తాం అన్నయ్యా," అంది ఆవిడ.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నా భార్య నవ్వింది. నవ్వుతూనే నా వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. నేనూ వాళ్లతో నవ్వేశాను.

తిరిగి వస్తూ కారులో అన్నాను, "సోమవారం వెళ్తున్నాను."

ఆమె రోడ్డు వైపు చూస్తూనే అంది, "వెళ్లండి. కానీ ముందువైపు పార్క్ చేయకండి. మన కార్ అందరికీ తెలుసు."

సోమవారం కారును రెస్టారెంట్ వెనక, చెత్త డబ్బాల పక్కన నిలిపాను. ముందంతా ఖాళీగా ఉంటే ఇక్కడెందుకు పెట్టావని పెద్దావిడ అడిగింది. నీడ కోసం అన్నాను. అప్పటికింకా చెట్లకు ఒక్క ఆకూ రాలేదు.