పాలపిట్టను కొట్టబోయి

మా ఇంట్లో నాకు సగం గ్లాసు చాయే ఇస్తారు. అది తాగాక ఇంకో సగం. నా కుడిచేయి వణకడం మొదలైనప్పటి నుంచి మా ఆవిడ పెట్టిన పద్ధతి ఇది. వచ్చినవాళ్లకు నిండు గ్లాసు, ఇంటి మనిషికి సగం. చూసేవాళ్లు ఏమనుకుంటారని ఎన్నోసార్లు గొడవపడ్డాను. ఆమె వినదు.

చాయ్ ఒలికితే తుడుచుకోవచ్చు. నా బాధ అది కాదు. జనగామలో మా చర్చి సంఘంలో, క్రీస్తు చివరి విందును తలచుకునే ప్రభువు బల్ల రోజున ట్రే మోసే పని పదేళ్లు నాది. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి ఇస్తే, బెంచీ బెంచీకి తిరిగి అందించాలి. ఒక ఆదివారం ఆ రసం కాస్తా ఒక పెద్దాయన తెల్లచొక్కా మీద ఒలికింది. మరుసటి నెల ట్రే ఇంకొకరి చేతిలో కనిపించింది.

"నీకు జర ఆరాం గావాలె బ్రదర్" అన్నారు మా పాస్టరు అయ్యగారు.

ఆరాం ఎవరడిగారు? ఆ తర్వాత రెండేళ్లు సంఘమంతా నా చేతి కోసం శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసింది. చేయి వణుకుతూనే ఉంది. ట్రే తిరిగి రాలేదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. మా ఆఫీసుకు తాళం పడింది, బస్సులు ఆగిపోయాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక క్యాలెండర్ మాట వచ్చింది. ఏటా మా సంఘం క్యాలెండర్ మీద మంచుకొండలో, పేరు తెలియని సీమ పిట్టలో ఉండేవి. ఈసారి యువకులు అడ్డం తిరిగారు. "రాష్ట్రం మనది గావాలంటున్నం. క్యాలెండర్ మీద పిట్ట మాత్రం ఎవ్వలదో ఎందుకు? పాలపిట్టను పెట్టున్రి" అన్నారు.

"ఫొటో నేను తెస్త" అని చెయ్యెత్తాను.

ఎవరూ నా ముఖం చూడలేదు. ఎత్తిన చేతినే చూశారు. 

నా లెక్క నాకుంది. మహబూబాబాద్‌లో మా బావమరిదికి ఫొటో స్టూడియో ఉంది. దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే పెద్ద జూమ్ లెన్సు వాడి దగ్గరుంది. దాని పక్కనున్న మీట వేస్తే చేతి వణుకును అదే సర్దుకుంటుందట, స్టాండు అక్కర్లేదట. స్పష్టమైన ఫొటో ఒకటి తెచ్చి చూపిస్తే ఈ చేయి ఇంకా పనికొస్తుందని పెద్దలు ఒప్పుకుంటారు. ట్రే మళ్లీ నాకిస్తారు. నడిచిన రైలేదో ఎక్కి మహబూబాబాద్ వెళ్లాను.

"బావా, బటన్ సగం నొక్కి పట్టు. బొమ్మ నిలబడ్డంక మిగిలిన సగం నొక్కు" అన్నాడు వాడు. "గని యాదికుంచుకో, గది నీ చేతిని ఆపుతది, పిట్టను ఆపది. షట్టర్ స్పీడ్ పెంచాలె."

చివరి మాట నేను చెవిన పెట్టలేదు. అప్పటికే కెమెరా కంటికి పెట్టుకున్నాను. సగం నొక్కగానే లోపల సన్నగా గుర్రుమంది. అటూ ఇటూ ఊగుతున్న ఎదురింటి యాంటెన్నా ఒక్కసారిగా నిలబడిపోయింది. రెండేళ్ల తర్వాత నా చేతుల్లో ఏదో ఒకటి కదలకుండా ఉంది. అక్కడే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. తొందరపడ్డాను.

కెమెరా అడిగి తెచ్చుకున్నాక, జనగామలో రైలుపట్టాల పక్క తీగ మీద పాలపిట్ట దొరికింది. సగం నొక్కి, బొమ్మ నిలబడి, మిగిలిన సగం నొక్కేసరికి అది ఎగిరింది. ఫొటోలో తీగ మాత్రం చక్కగా వచ్చింది. పిట్ట ఉండాల్సిన చోట నీలం రంగు అలికినట్టుంది. ఇలాంటివి నలభై తీశాను. పక్షులకు చింత లేదని ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నానో! వాటికెందుకుంటుంది, చింతంతా నాకు పెట్టి పోతుంటే?

అది మళ్లీ వచ్చి కూర్చుందనగా దీక్షా శిబిరం నుంచి నలుగురు వచ్చారు.

"అన్నా, ఏ ఛానల్?"

"ఛానల్ గాదే. పిట్ట కోసం వచ్చిన."

"పిట్ట యాడికి పోతది? ముందు మమ్ముల తియ్యి."

వరసగా నిలబడి, పిడికిళ్లెత్తి, జై తెలంగాణ అన్నారు. పిట్ట రఘునాథపల్లి దాకా పోయి ఉంటుంది. ఆ లెన్సులో పది అడుగుల దూరం నుంచి ఒకాయన మీసం మాత్రమే పట్టింది. దానికీ వాళ్లు సంతోషించలేదు.

ఆ పై వారం భూపాలపల్లి దగ్గర ఉజ్జీవ కూటాలని పెద్ద ప్రార్థన సభలు జరిగితే ఒక విశ్వాసి బండి మీద వెళ్లాను. పొద్దున అడవి అంచున మొద్దు మీద పాలపిట్ట కనిపించింది. నక్కి నక్కి వెళుతుంటే మేకలు కాస్తున్న అవ్వ ఎదురైంది.

"ఏం జేస్తున్నవ్ నాయినా?"

"పిట్టను కొట్టనీకొచ్చిన అవ్వా."

మా దగ్గర ఫొటో తీయడాన్ని కూడా కొట్టడమే అంటాం. అవ్వకు మాత్రం నా చేతిలో ఉన్న నల్లటి గొట్టం కనిపించింది. కర్ర ఎత్తింది.

"దసరా నాడు మొక్కే పిట్టను కొడ్తవా? నీ చేతులు పడిపోను!"

"ఫొటో కొట్టుడవ్వా, ఫొటో!"

"ఫొటోకు గంత గొట్టమెందుకు? అబద్ధమాడుతున్నవ్. సూడు, చేతులెట్ల వణుకుతున్నయో!"

సంఘమంతా పస్తుండి ఈ చేతుల కోసం మొరపెడుతుంటే, ఇక్కడ ఈమె పడిపొమ్మంటోంది. కెమెరా తెర మీద పాత ఫొటోలు చూపించాను. ఆమె ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"పిట్టేది గిండ్ల?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ కర్ర దించింది. "దాని ఎంబడి ఉరుకుతవేంది? పురుగును పట్టుకోని మల్ల గా మొద్దు మీదికే వస్తది. కూసో."

కూర్చున్నాను. బావమరిది చెప్పిన చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది. షట్టర్ స్పీడ్ పెంచి, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఖాళీ మొద్దు మీదికి గురిపెట్టి బటన్ సగం నొక్కి పట్టుకున్నాను. పిట్ట వచ్చి వాలింది. మిగిలిన సగం నొక్కాను. ఫొటోలో దాని ముక్కున ఉన్న మిడత కాళ్లు కూడా కనిపిస్తున్నాయి.

ఆదివారం ఆ ఫొటో బెంచీలన్నీ తిరిగింది. అయ్యగారు పైకెత్తి చూపించి, "చెయ్యి కుదిరింది బ్రదర్. దేవుడు మన ప్రార్థన విన్నడు. వచ్చే నెల ట్రే నువ్వే పట్టు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు.

రెండేళ్లుగా నేను కోరుకున్న మాట అదే. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కానీ ప్రభువు బల్ల దగ్గరికి అబద్ధంతో ఎలా వెళ్లను?

"చెయ్యి కుదరలే అయ్యగారూ. లెన్సుల మిషిన్ ఉంది. గదే కుదిరింది" అని చేయి చాపాను. అది యథాప్రకారం వణికింది.

అయ్యగారు పాలపిట్టే తనను మోసం చేసినట్టు ఫొటో వైపు చూశారు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ లేచింది.

"గ్లాసులల్ల సగమే పొయ్యున్రి అయ్యగారూ. ఇంట్ల నేను గట్లనే ఇస్తున్న. రెండేండ్ల సంది చుక్క కింద పడలే."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని సరేనన్నారు. అన్ని శుక్రవారాల పస్తులు, అవ్వ శాపం, నలభై అలికిన ఫొటోలు! జవాబేమో రోజూ పొద్దున నా చేతిలోనే ఉంది. దానితోనే నేను గొడవపడుతున్నాను.

"ముందే చెప్పొచ్చు గదా!" అన్నాను ఇంటికి వస్తూ.

"చెప్పనిచ్చినవా? చాయ్ సగమెందుకని లొల్లి పెట్టుడుకే సరిపోయె నీకు."

మరుసటి నెల ట్రే పట్టుకున్నాను. గ్లాసులు గలగలలాడాయి గాని ఒక్క చుక్క ఒలకలేదు. చివరి బెంచీ దాకా వెళ్లాను. అక్కడున్న ముసలమ్మ గ్లాసు అందుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"గింతేనా బిడ్డా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. చేతిలో ట్రే ఉంది కాబట్టి ఊరుకున్నాను.